కుడివైపు ఒరిగిన కుర్చీ

ఫ్లాడ్‌కేర్, నవంబరు 1951

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు ఐగిల్‌కి,

నీకు సమాధానం కలుగు గాక. ఇక్కడ మేము క్షేమం. అమ్మకి దగ్గు ఉంది గానీ అది ప్రతి శీతాకాలం వచ్చే దగ్గే కాబట్టి దాన్ని జబ్బుల్లో కలపడం లేదు.

నాన్న కుర్చీ గురించి రాస్తున్నాను. ఆగస్టులో నువ్వు కారులో వచ్చావు. కాఫీ తాగావు. కుర్చీని బయటికి తీయించి, ఫ్యోర్డ్ నీటి ఒడ్డున గడ్డిలో పెట్టి ఫొటోలు తీయించావు. "కోపెన్‌హాగెన్‌లో వడ్రంగి మేస్త్రుల ప్రదర్శన అవగానే పంపేస్తానక్కా, నీ చేతిలో పెట్టినట్టే అనుకో" అని కారు మీద కట్టుకుని వెళ్లావు. ప్రదర్శన అయిపోయిందని పేపర్లో చూశాం. నా చేతిలో ఇంకా ఏమీ లేదు.

అమ్మ మంచం అంచున కూర్చుని, పొయ్యి ముందు కుర్చీ ఉండాల్సిన చోటు చూస్తూ ఉంటుంది. బల్ల దగ్గర బెంచీ ఉంది కదా అంటే, "బెంచీ పనివాళ్లది" అంటుంది. గోడ దగ్గర కుర్చీ ఉంది కదా అంటే, "అది వచ్చినవాళ్లది" అంటుంది. మన ఇంట్లో ఎవరి చోటు ఏదో నీకు తెలుసు. నాన్న బతికుండగా ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. ఆయన్ని మట్టికిచ్చి వచ్చిన రోజున అమ్మ అందులో మొదటిసారి కూర్చుంది. అప్పట్నుంచి ఒకటే మాట: "నన్ను దేవుడు పిలిచినప్పుడు ఈ కుర్చీలోంచే లేస్తాను." ఎనభై దాటిన మనిషి. ఆయన ఎప్పుడు పిలుస్తాడో మనకి తెలియదు. కుర్చీ పంపించు.

నువ్వు కుర్చీలు గీస్తావనీ, వాటిని వేరేవాళ్లు చేస్తారనీ అమ్మకి మళ్లీ చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "మరి వాడేం చేస్తాడు?" అని అడిగింది.

ప్రార్థనలో నిన్ను మరువని అక్క,
మారెన్

తా.క. "మా ఇంట్లో పిల్లలం నిలబడి తినేవాళ్లం, అందుకే నేను కుర్చీల కోసం పుట్టాను" అని పేపర్లో చెప్పావట. మనం నిలబడి తిన్నది పిల్లలం కాబట్టి, కుర్చీలు లేక కాదు. ఈ ఊళ్లో పిల్లలంతా నిలబడే తిన్నారు. పక్కింటి లౌస్ట్ అది చదివి జాలిపడి మాకు పాలు పితికే పీట ఒకటి ఇచ్చి వెళ్లాడు.


కోపెన్‌హాగెన్, డిసెంబరు

అక్కయ్యా,

నీ ఉత్తరం అందింది. నువ్వొకసారి వచ్చి చూడాల్సింది! నాన్న కుర్చీని హాలు మధ్యలో పెట్టారు. నా కొత్త కుర్చీలన్నీ చుట్టూ శిష్యుల్లా నిలబడ్డాయి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది కుడివైపుకి ఎందుకు ఒరిగింది?"

నేను కూడా ఆ కుర్చీలో చిన్నప్పుడు ఎన్నడూ కూర్చోలేదు కదా. ఇక్కడికొచ్చాకే కూర్చున్నాను. కూర్చోగానే అర్థమైంది. అది లోపం కాదక్కా. తరతరాల పల్లె జ్ఞానం! మనిషి ఎదుటివాడి మాట వినేటప్పుడు కుడిచెవి ముందుకు పెడతాడు. ఎడమవైపు గుండె కొంచెం పైకి లేస్తుంది, శ్వాస తేలికవుతుంది. తన చదువురాని చేతులతో నాన్న దీన్ని కనిపెట్టాడు. ఆచార్యులు వ్యాసాలు రాస్తున్నారు. అదే ఒరుగుడుతో నేను కొత్తగా గీసిన కుర్చీ పేరు "వినే కుర్చీ". మా మేస్త్రి చేసిన మొట్టమొదటిది అమ్మకి రైల్లో పంపిస్తున్నాను. కుర్చీ కావాలన్నావు కదా, ఇదిగో కుర్చీ!

నాన్నది ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండాలి. మ్యూజియం వాళ్లు కొలతలు తీసుకుంటున్నారు.

ఒక్క మాట. కొత్తదానికి రంగు వెయ్యకండి. సబ్బు పొడి వేణ్ణీళ్లలో కలిపి, చెక్క గీతల వెంట తుడవాలి. అంతే. అది ఊపిరి పీల్చుకోవాలి.

హడావిడిలో,
నీ ఐగిల్

తా.క. ఒరిగింది కదా అని కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టొద్దు. ఒరగడమే దాని ప్రాణం.


ఫ్లాడ్‌కేర్, జనవరి 1952

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

కొత్త సంవత్సరంలో దేవుడు నిన్ను కాపాడు గాక. కుర్చీ వచ్చింది. స్టేషన్ నుంచి లౌస్ట్ తన పాలబండి మీద తెచ్చాడు. పని బాగుంది. ఎక్కడా మేకు కనపడదు. మీ మేస్త్రికి నా నమస్కారం చెప్పు.

అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పాపం, దీనికి బట్టలెవరూ వెయ్యలేదా?" అంది. నువ్వు చెప్పినట్టే శనివారం నేల కడిగినప్పుడల్లా దాన్ని కూడా సబ్బుతో కడిగాను. కడిగేకొద్దీ ఇంకా తెల్లబడి, తోలు వలిచిన ఎముకలా తయారైంది. అమ్మ దానివైపు వీపు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. వినే కుర్చీని అలా సిగ్గుతో నిలబెట్టడం నాకూ బాగోలేదు. లౌస్ట్ పడవకి వెయ్యగా మిగిలిన నీలం రంగు ఉంటే వేశాను. ఇప్పుడు మన అలమారా, మన మంచం, మన గడియారం అన్నిటితో కలిసిపోయింది.

ఒరుగుతుందని భయపెట్టావు గానీ, పొయ్యి ముందు చక్కగా, తిన్నగా నిలబడింది. పాస్టరు గారు వచ్చి అందులో కూర్చుని, కాఫీ తాగి, కేకు తిని, నా ఆత్మ సంగతి అడుగుతూ అడుగుతూ నిద్రపోయారు.

అయినా అమ్మ కూర్చోదు. "ఇది బాగానే ఉంది. కానీ ఇందులో కూర్చుంటే నా ఇంట్లో నేను చుట్టాన్నవుతాను" అంటుంది. దగ్గు లోతుకి దిగింది. నాన్నది పంపించు తమ్ముడూ.

నీ అక్క,
మారెన్

తా.క. కుర్చీ ఊపిరి పీల్చుకోవాలన్నావని లౌస్ట్‌తో చెప్పాను. అప్పట్నుంచి వాడు మా ఇంటికొస్తే బెంచీ మీదే కూర్చుంటున్నాడు.


కోపెన్‌హాగెన్, జనవరి

అక్కా,

నీలం రంగా! పడవ రంగా! ఆ మాట చదివి నేను లేచి నిలబడ్డాను. నిలబడి మిగతాది చదివి మళ్లీ కూర్చున్నాను.

తిన్నగా నిలబడింది అంటే ఏమిటి నీ ఉద్దేశం? అది తిన్నగా నిలబడదు. నిలబడకూడదు. మా మేస్త్రి ముందు నేనే కొలిచి పంపాను. నిజం చెప్పు, ఎవరు కోశారు దాని కాళ్లు? లౌస్టేనా? వాడి చేతికి రంపం ఎవరిచ్చారు? మీ అందరికీ వంకరగా కనిపించిందల్లా సరిచెయ్యాలనే తొందర! అదే పాస్టరు గారు నేర్పింది. మనిషైనా సరే, కుర్చీ అయినా సరే.

ఇది మన ఇంటి గొడవ కాదు, అర్థం చేసుకో. చికాగో నుంచి ఒక పత్రికవాళ్లు ఏప్రిల్లో వస్తున్నారు. కుర్చీ పుట్టిన ఇంట్లో, అమ్మ అందులో కూర్చుని ఉండగా ఫొటో కావాలంటున్నారు. మరొక కుర్చీ పంపిస్తున్నాను. దానికి రంపం, రంగు, పాస్టరు, ఏదీ తగలకూడదు.

ఐగిల్

తా.క. అమ్మ "బట్టల్లేని కుర్చీ" అందని మా మేస్త్రితో చెప్పాను. ఆయన నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.


ఫ్లాడ్‌కేర్, ఫిబ్రవరి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

కోపంగా రాశావు. నేను దాన్ని ఒక రోజంతా బైబిలు కింద పెట్టి ఉంచాను. చల్లారింది. ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

నీ కుర్చీని ఎవరూ కోయలేదు. రెండోది కూడా వచ్చింది. అది కూడా పొయ్యి ముందు తిన్నగానే నిలబడింది. లౌస్ట్ మట్టం చూసే తన నీటిబుడగ కర్ర తెచ్చి పెట్టి చూసి, "మారెనమ్మా, బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. మీ తమ్ముడు గొప్పవాడే" అన్నాడు.

నీకు తెలుసనుకున్నాను. నువ్వు ఆల్బోర్గ్‌లో పని నేర్చుకోవడానికి వెళ్లిన ఏడాది పెద్ద గాలివాన వచ్చి, మన ఇల్లు ఫ్యోర్డ్ వైపు దిగిపోయింది. పడమటి గోడ వైపు నేల జారుడుబల్లయింది. ఏది పడినా దొర్లి ఆ గోడ దగ్గరే తేలుతుంది. పొయ్యి ముందు కూర్చుంటే నాన్న ఎడమకి జారిపోయేవాడు. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు కుర్చీని బోర్లించి, "పట్టుకోవే" అని నాతో కాళ్లు పట్టించి, కుడివైపు కాళ్లు రెండూ కోసేశాడు. తిప్పి పెట్టి, కూర్చుని, "హు" అన్నాడు. తరతరాల జ్ఞానం అంటే నాకు తెలిసినంతవరకు ఆ "హు" ఒక్కటే.

నువ్వు దాన్ని బయట గడ్డిలో పెట్టి చూశావు. ఇంట్లో చూడలేదు. నీ కాఫీ కూడా కారు పక్కనే నిలబడి తాగావు.

కాబట్టి తమ్ముడూ, ఈ లోకంలో నీ వినే కుర్చీలు తిన్నగా నిలబడే చోటు ఒక్కటే ఉంది. అది మన పొయ్యి ముందు. ఎప్పుడైనా వచ్చి కూర్చో. నాన్నది మాత్రం త్వరగా పంపు. అమ్మ ఇప్పుడు పొద్దున లేవడానికి నా భుజం పట్టుకుంటోంది.

నీ అక్క,
మారెన్

తా.క. గుండె ఎడమవైపు పైకి లేస్తుందని రాశావు. నాన్న గుండె జబ్బుతోనే పోయాడని నీకు గుర్తుండే ఉంటుంది.


కోపెన్‌హాగెన్, మార్చి

ముద్దుల అక్కయ్యా,

ఎంత మంచి ఉత్తరం రాశావు! కోప్పడినందుకు క్షమించు. రంగు గురించి కూడా ఇంక ఏమీ అనను.

ఆ గాలివాన సంగతి, రంపం సంగతి నీకు గాక ఇంకెవరికైనా తెలుసా? లౌస్ట్‌కి తెలుసా? ఊరికే అడుగుతున్నాను.

అమ్మ ఆ జారుడు నేల మీద నడుస్తోందంటే నాకు భయం వేసింది. ఈ వయసులో పడితే ఎలా? అందుకని ఆమెకి ఒక కానుక. వచ్చే వారం తిస్టెడ్ నుంచి పనివాళ్లు వస్తారు. పాత చెక్కలన్నీ పీకేసి, కింద రాళ్లు పోసి, సమంగా కొత్త నేల వేస్తారు. అద్దంలా ఉంటుంది. అంతా నేను చూసుకుంటాను. మీరు ఆ నాలుగు రోజులు లౌస్ట్ ఇంట్లో ఉండండి.

ఇంకో మంచి కబురు. ఫొటోగ్రాఫరుతో పాటు నాన్న కుర్చీ కూడా ఇంటికి వస్తోంది! అమ్మకి చెప్పు.

ప్రేమతో,
ఐగిల్

తా.క. ఫొటో రోజు లౌస్ట్ ఆ నీటిబుడగ కర్ర తేనక్కర్లేదు.


ఫ్లాడ్‌కేర్, ఏప్రిల్

తమ్ముడు ఐగిల్‌కి,

దేవుడు హృదయాలను ఎరిగినవాడు. ఆ పని ఆయనకే వదిలేస్తున్నాను.

నేల సమంగా ఉంది. మొదటిరోజు అమ్మ చేతిలోంచి ఊలుఉండ పడింది. అలవాటుగా పడమటి గోడ దగ్గరికి వెళ్లి వంగి వెతికింది. అక్కడ లేదు. పడినచోటే ఉంది. ఈ ఇంట్లో పడింది పడినచోటే ఉండడం చూసి చాలా ఏళ్లయింది కదా, భయపడి, "నేను ఎవరింట్లో ఉన్నాను?" అని అడిగింది.

ఫొటోగ్రాఫరు మంచి కుర్రాడు. బూట్లు విప్పి వచ్చాడు. కుర్చీ దించగానే అమ్మ చేతులు చాచింది. పాత నీలం రంగు, చేతిమీద నాన్న పైపు కాల్చిన మచ్చ, అన్నీ తడిమింది. ఆమె ముఖం చూసి నేను స్తోత్రం చెప్పుకున్నాను. తర్వాత కూర్చుంది.

కుడివైపుకి ఒరిగిపోయింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ కుర్రాడు "వింటున్నారు! అచ్చం వింటున్నట్టే ఉన్నారు!" అంటూ ఫొటోల మీద ఫొటోలు తీశాడు. నేను అమ్మని లేపాను. లేచి, "ఇది ఆయనది కాదు. కోపెన్‌హాగెన్‌లో మార్చేసి ఇంకోటి పంపారు" అంది. పైపు మచ్చ చూపించాను. "మచ్చ ఎవరైనా పెట్టగలరు. ఆయన కుర్చీ నన్ను ఎప్పుడూ తొయ్యలేదు" అంది. వెళ్లి మంచం అంచున కూర్చుంది.

నేను ఎన్ని చెప్పినా నమ్మడం లేదు. ఒక్కసారి నువ్వు రా. నువ్వు గీసినవాడివి, మోసుకెళ్లినవాడివి. అదే కుర్చీ అని నీ నోటితో చెప్పు. నమ్ముతుంది.

మారెన్

తా.క. పాస్టరు గారు మామూలుగానే, నేను నీలం వేసిన నీ కుర్చీలో కూర్చున్నారు. కాఫీ అంతా ఒడిలో పడింది. ఆయన సాతాను పేరు ఎత్తగా నేను విన్నది ప్రసంగంలో గాక ఇదే మొదటిసారి.


కోపెన్‌హాగెన్, మే

అక్కా,

రాలేను. రేపు మిలాన్ బయల్దేరుతున్నాను. అక్కడ వినే కుర్చీకి బహుమతి ఇస్తున్నారు. నా చేతుల్లో లేదు. పత్రిక ఇందులో పెట్టాను. అమ్మ ఫొటో కింద ఇంగ్లీషులో ఏం రాశారో లౌస్ట్ కొడుకు చదివి చెబుతాడు: "ఎనభై ఏళ్లుగా వింటున్న తల్లి."

నువ్వు నన్ను ఏమనుకుంటున్నావో తెలుసు. అవును, నేల నేనే సమం చేయించాను. ఎందుకో కూడా నీకు తెలుసు. నా మేస్త్రి దగ్గర ఇప్పుడు గది నిండా మనుషులు ఈ ఒక్క కుర్చీ చేస్తూ బతుకుతున్నారు. వెళ్లి వాళ్లకి "హు" అని చెప్పమంటావా?

ఇంకో సంగతి ఉంది. రాయకూడదనుకున్నాను. నాన్న నా మాట ఎప్పుడైనా విన్నాడా అక్కా? బొమ్మలు గీస్తానంటే విన్నాడా? కోపెన్‌హాగెన్ వెళ్తానంటే తల తిప్పాడా? ఆ కుర్చీలో నేను మొదటిసారి కూర్చున్నప్పుడు, అది నన్ను తీసుకుని మెల్లిగా పక్కకి ఒరిగింది. ఆయనే నావైపు వంగాడనిపించింది. దాని మీదే ఇంత కట్టుకున్నాను. నువ్వు నేల అన్నావు. సరే, నేలే.

మ్యూజియం వాళ్లు నాన్న కుర్చీ ఎప్పటికీ ఉంచుకుంటామన్నారు, ఒప్పుకున్నాను. జూన్‌లో మనుషులు వచ్చి తీసుకెళ్తారు. అమ్మ ఎలాగూ అందులో కూర్చోవడం లేదన్నావు కదా.

ఐగిల్

తా.క. అమ్మకి కుడిపక్కన ఒక దిండు పెట్టి చూడు.


ఫ్లాడ్‌కేర్, జూన్

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

మిలాన్‌కి ఇచ్చిన తంతి నీకు ఆలస్యంగా అందిందని తెలిసింది. అమ్మని శుక్రవారం నాన్న పక్కన పడుకోబెట్టాం. నీ పువ్వులు శనివారం వచ్చాయి. ఆదివారం పెట్టాను.

నీ ఉత్తరం అమ్మ ఉండగానే వచ్చింది, చదివాను. నాన్న నీ మాట వినలేదన్నది నిజం. నా మాటా వినలేదు. కానీ నేను దానికోసం ఎవరి నేలా పీకించలేదు. చదివాక కొట్టంలోకి వెళ్లి నాన్న రంపం తెచ్చాను. కుర్చీని బోర్లించాను. ఈసారి కాళ్లు పట్టుకోవడానికి లౌస్ట్ వచ్చాడు. ఎడమవైపు కాళ్లు రెండూ కోశాను. తిప్పి పెడితే కొత్త నేల మీద తిన్నగా నిలబడింది. లౌస్ట్ "హు" అన్నాడు.

అమ్మని నడిపించుకొచ్చి కూర్చోబెట్టాను. వెనక్కి వాలింది. కళ్లు మూసుకుంది. "ఆ. ఇప్పుడు తెచ్చారు ఆయనది" అంది. ఆ తర్వాత రోజూ అందులోనే. గంజి అక్కడే తాగింది. దేవుడు పిలిచినప్పుడు అందులోంచే లేచింది, తను అన్నట్టే. నేను పక్కనే ఉన్నాను. బెంచీ మీద.

సమాధికి తీసుకెళ్లే ముందు పెట్టెని ఇంట్లో రెండు కుర్చీల మీద ఉంచి పాటలు పాడడం మన పద్ధతి కదా. ఒకే ఎత్తున్న కుర్చీలు ఇంట్లో నువ్వు పంపినవే రెండు. ఎదురెదురుగా పెడితే ఒకటి అటు, ఒకటి ఇటు ఒరిగి పెట్టె ఊగింది. రెంటినీ ఒకే వైపుకి తిప్పాం. అప్పుడు పెట్టె కొంచెం పాడేవాళ్ల వైపుకి ఒరిగి నిలబడింది. అమ్మ మా పాట వింటున్నట్టే ఉంది. పాస్టరు గారు కూడా చూసి తలూపారు. నువ్వు చెప్పినదాంట్లో ఆ ఒక్క గంట నిజం ఉంది తమ్ముడూ. నువ్వు చూసి ఉంటే బాగుండేది.

మంగళవారం మ్యూజియం మనుషులు వచ్చారు. కాఫీ ఇచ్చాను. నాన్న కుర్చీ తుడిచి అప్పగించాను. వాళ్లలో పెద్దాయన దాన్ని నేల మీద పెట్టి, చుట్టూ తిరిగి, వంగి చూసి, "అమ్మా, ఇది ఒరగాలి కదా?" అన్నాడు. నేను అబద్ధం ఆడను, నీకు తెలుసు. "ఒరిగింది మా ఇల్లండీ. కుర్చీ ఎప్పుడూ తిన్నగానే ఉంది" అన్నాను. ఆయన అదంతా రాసుకున్నాడు.

దేవుడు నిన్ను క్షమించు గాక. నేను ప్రయత్నిస్తున్నాను.

నీ అక్క,
మారెన్

తా.క. ఎడమకాళ్ల నుంచి కోసిన ముక్కలు రెండూ ఈ పొట్లంలో కట్టి పంపుతున్నాను. నాన్న నీవైపు వంగాలనిపించినప్పుడు వాటిని ఆ కాళ్ల కింద పెట్టి కూర్చో. అయితే ముందు మ్యూజియం వాళ్లని అడుగు. అక్కడ తాడు కట్టి ఉంచుతారట, ఎవరినీ కూర్చోనివ్వరట.